కొలతల పుస్తకం

హలో… ఆ, నేనేనే చెల్లీ, షాపులో ఇంకెవరుంటారు! ఎన్నిసార్లు చెయ్యాలే నీకు? పొద్దున్నుంచి పద్నాలుగు సార్లు చేశా.

… పదకొండున్నర దాకా నిద్రా? సర్లే, అసలు సంగతి విను. మన షాపు పేజీలో నిన్న నేనో వీడియో పెట్టా చూడు, దాన్ని ఈ నిమిషంలో తీసెయ్యి… ఆ, అదే. కొలతల పుస్తకం వీడియో.

నాకు తియ్యడం వస్తే నిన్నెందుకు బతిమాలతానే? తీసేద్దామని ఏదో నొక్కా. అది పోయి అన్నిటికంటే పైన కూర్చుంది… పిన్నో గిన్నో, నాకేం తెలుసు! బట్టకి పిన్ను పెట్టమంటే పెడతా గానీ.

… ఎవరు చెప్పారంటావేంటి? నువ్వే చెప్పావు! "అక్కా, కుట్టిన బట్టలు చూపిస్తే ఎవరూ చూడరు, షాపు లోపల ఏముందో చూపించు" అన్నావా లేదా? నువ్వేమో రెండు వారాలుగా ఇటు మొహమే చూపించట్లేదాయె. సరే నేనే తీద్దామని ఫోను దారాల డబ్బాకి ఆనించి, లోపల ఏముందా అని చూశా. ఏముంటుంది నా మొహం, కొలతల పుస్తకం ఉంది. ఒక్కో పేజీ తిప్పుతూ తీశా.

… పేర్లా? పేర్లుంటే ఇంత గొడవెందుకు! మనిషి పేరు నాకు గుర్తుండి చస్తేగా. నడుం గుర్తుంటుంది. అందుకని పక్కన ఏదో ఆనవాలు రాసుకుంటా. ఇరవై రెండేళ్ళుగా రాసుకుంటున్నా, ఎవడు చూడొచ్చాడు? ఇప్పుడు చూశారు. నాలుగు లక్షల మంది!

… ఆ, 'ఊపిరి బిగబట్టే మాస్టారు'. మరి బిగబడతాడే! టేపు పెట్టగానే పొట్ట వీపులోకి పోతుంది. మూడంగుళాలు కలిపి కత్తిరిస్తే గానీ ఆయనకి ప్యాంటు పట్టదు… 'భోజనం ముందు వకీలు, భోజనం తర్వాత వకీలు'… ఇద్దరు కాదే, ఒక్కడే!

వచ్చాడు. షట్టరు తియ్యకముందే వచ్చి నిలబడ్డాడు… తిడతాడనే నేనూ అనుకున్నా. కాదు. అవి పాత కొలతలట, ఇప్పుడు తగ్గాట్ట. కొత్తవి రాసి ఇంకో వీడియో పెట్టమంటాడు!

బేకరీ ఆయన సంగతి అడక్కు. 'నెలకో అరంగుళం' అని రాశానా, దాన్ని కేకుల బోర్డు మీద రాయించుకుంటాట్ట.

అసలు నాకు ఒళ్ళు మండేది ఎక్కడో తెలుసా? మూడు రోజులు కళ్ళు పోయేలా కుట్టానే, ఆ పెళ్ళి గౌను, దానికెన్ని లైకులొచ్చాయి? తొమ్మిది. ఒకటి నీది, ఒకటి నాది, ఒకటి ఇస్త్రీ ఆయనది, అదీ పొరపాటున తగిలిందన్నాడు. ఇవ్వాళ చూడు, గుమ్మం ముందు బారులు తీరారు… కుట్టించుకోడానికా? నీకంత ఆశ ఎక్కడిదే! పేరు పెట్టించుకోడానికి. చేతిలో గుడ్డముక్క లేదు. "నన్ను చూస్తే ఏం రాస్తారు మేడం?" అని ఫోన్లు పట్టుకుని ఒకటే గోల.

ఇదంతా పోనీ, నర్సుల పెద్ద, ఆ మేట్రన్! ఆవిడ కోసమే నీకు ఫోను మీద ఫోను. ఆసుపత్రి నర్సుల యూనిఫాంలు, అరవై జతలు. ఇవ్వాళ నాలుగింటికి వచ్చి ఖాయం చేస్తానంది. ఆ పనొస్తేనే ఈ షాపుండేది, నీకు తెలియనిదేముంది. ఎదురుగా ఆ రెడీమేడ్ వాళ్ళు దిగిన దగ్గర్నుంచీ నా మిషను నిద్రపోతోంది. ఇంతకీ ఆవిడ పేజీలో ఏం రాశానో చూశావా?

… 'జిప్పు పడదు, ఒప్పుకోదు'.

నవ్వు, నవ్వు. నీకేం, నా కొంప మునిగితే నవ్వే రావాలి… నవ్వట్లేదా? మరా శబ్దమేంటి? … జలుబా. వేడినీళ్ళు తాగు. ముందు ఆ వీడియో సంగతి చూడు, ఆవిడ కంట పడకముందే…

తియ్యనంటావేంటే!

… చివరి పేజీయా? చివరి పేజీలో ఏముందబ్బా… ఆగు, పుస్తకం ఎక్కడో బట్టల కింద… నువ్వే చదువుతావా? చదువు.

…

ఆ.

… 'చెల్లి. ఆఫీసు ప్యాంటు. మార్చిలో నడుం రెండంగుళాలు లోపలికి. మేలో ఇంకో ఒకటిన్నర. జులైలో మళ్ళీ రెండు. అడగాలి.' … ఆ. నా రాతే.

అదీ పడిందా వీడియోలో?

… కింద జనం ఏమని రాస్తున్నారు? … "అక్కా, అడిగారా?" అనా. … అందరూ అదేనా? మాస్టారి గురించి కాదా, జిప్పు గురించి కాదా… పదకొండు వేల మందా!

ముక్కూ మొహం తెలియని వాళ్ళు అడిగారు. ఎత్తుకు తిప్పినదాన్ని, నేను అడగలేదు. అదేగా నువ్వంటున్నది… అనలేదులే. నేనే అంటున్నా.

అడుగుదామనే రాసుకున్నానే. నువ్వు రాగానే నీ చేతిలో ఫోను పెట్టేదాన్ని. లైటు ఇటు తిప్పు, కత్తెర దగ్గరగా చూపించు, మళ్ళీ తియ్యి… ఆ యావలో పడి నీ మొహం చూస్తేగా. జులైలో నీ ప్యాంటు బిగించడమే వీడియో చేశాం కదే! 'అయిదు నిమిషాల్లో నాజూకు నడుం' అని దానికి పేరు పెట్టింది నేనే. సిగ్గులేనిదాన్ని.

నువ్వు డైటింగన్నావు. నమ్మేశా… లేదు, నమ్మలేదు. టేపు నా చేతిలోనే ఉందిగా, నాకు తెలియదూ? నమ్మితే హాయిగా ఉంటుందని నమ్మినట్టున్నా.

— ఏంటీ? మళ్ళీ చెప్పు.

ఏప్రిల్ నుంచి ఆఫీసుకే వెళ్ళట్లేదా? మరి ఆ ప్యాంటు బిగించమని మేలో ఎందుకు తెచ్చావే? జులైలో ఎందుకు తెచ్చావు? …

… నేను అడుగుతానేమోనని ఆశపడా.

అయ్యో నా తల్లీ.

అడుగుతున్నానే. ఇప్పుడడుగుతున్నా. ఏమైందే నీకు?

…

… ఎప్పట్నుంచి? … డాక్టరేమంది? … ముక్క తీసి పరీక్షకి పంపారా. ఎన్నాళ్ళయింది? … రెండు వారాలు. అందుకా ఇటు రానిది. నేనేమో ఇక్కడ నిన్ను తిట్టుకుంటూ కూర్చున్నా… రిపోర్టెప్పుడిస్తారు? … ఇవ్వాళా! ఎన్నింటికి? … నాలుగింటికి.

ఒక్కదానివే వెళ్దామనుకున్నావా? మరిదిగారికి చెప్పావా? … ఊళ్ళో లేరు, చెప్పలేదు. భలే తెలివిగలదానివి.

… నోర్ముయ్. యూనిఫాంలు, యూనిఫాంలు! ఆ అరవై మందికి నేను కాకపోతే ఇంకొకరు కుడతారు. నాకు నువ్వు కాక ఇంకో చెల్లెలుందా? … భయపడకు. నాకూ భయంగానే ఉంది. ఏడిస్తే రిపోర్టు చూశాక ఏడుద్దాం, అప్పటిదాకా ఆపు. ఏమన్నా తిన్నావా? … తినలేదు. తెలుసు నాకు. దారిలో ఏదో ఒకటి తెస్తా, మారుమాట్లాడకుండా తింటున్నావు.

ఒక్క నిమిషం, లైన్లోనే ఉండు… అయ్యా! అమ్మా! బయట నిలబడ్డవాళ్ళూ! షాపు మూసేస్తున్నా. పేర్లూ లేవు, గీర్లూ లేవు, ఇళ్ళకెళ్ళండి… ఆ, మా చెల్లే… అడిగానయ్యా! ఇప్పుడే అడిగా! తప్పుకోండి బాబూ, దారివ్వండి.

… విన్నావా? చప్పట్లు కొడుతున్నారే. ఘనకార్యం చేశానని. పైగా ఫోన్లెత్తి నన్ను వీడియో తీస్తున్నారు.

… తియ్యనీవే. నువ్వు చెప్పులేసుకుని గుమ్మంలో కూర్చో, పావుగంటలో నీ ముందుంటా. పెట్టేస్తున్నా మరి, ఈ షట్టరు దించాలంటే రెండు చేతులూ కావాలి.