గారెత్ గారి చేతిలోని తెల్ల ముక్క

నా పేరు ఉమామహేశ్వరి. భర్త పేరు విశ్వనాథ్. నా వయస్సు యాభై. పదో తరగతి వరకు చదివాను. ఇంటిపని చూసుకుంటాను, శనివారాలు గుడి వంటశాలలో సాయం చేస్తాను. మేముండేది ఆర్కాన్సా రాష్ట్రం, బెంటన్‌విల్‌లో. ఇంగ్లీషు అర్థమవుతుంది గాని తడబడకుండా మాట్లాడలేను. అందువల్ల తెలుగులో చెబుతున్నాను. మా పక్క అపార్ట్‌మెంట్ అమ్మాయి శ్రీవిద్య దానిని ఈ షెరీఫ్ ఆఫీసులో పోలీసు డెప్యూటీ గారికి ఇంగ్లీషులో వినిపిస్తూ, తెలుగులో రాస్తున్నది. మావారు, గారెత్ గారు, ఫిర్యాదు చేసిన రాండల్ గారు కూడా ఇక్కడే ఉన్నారు. ఈ రోజు 2013 అక్టోబరు 13, ఆదివారం.

నిన్న మధ్యాహ్నం మూడు గంటలకు రాండల్ గారి పొలంలోని గుహ నుంచి మేము ముగ్గురం బయటికి వచ్చాము. నేను, మావారు, మా స్నేహితుడు గారెత్ గారు. గారెత్ గారిది వేల్స్ దేశం, వయస్సు డెబ్బై ఒకటి. మమ్మల్ని చూడటానికి వచ్చారు. గుహలోకి వెళ్లడానికి రాండల్ గారే అనుమతి ఇచ్చారు. బయటికి వచ్చాక గారెత్ గారు ఒక తెల్లని ముక్కను ఎండ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూస్తున్నారు. రాండల్ గారు అది చూసి, మేము గుహలోని స్ఫటికం విరిచామని ఫిర్యాదు చేశారు. నా సంచిలో అలాంటి ముక్కలు ఇంకా దొరికాయి. గుహలో రాయి విరవడం నేరమని డెప్యూటీ గారు చెప్పారు. ఆ సంగతి మాకు తెలుసు. విషయం తేలేవరకు గారెత్ గారు ఊరు విడిచి వెళ్లకూడదన్నారు. ఆయన విమానం రేపు ఉదయం.

అది రాయి కాదు, పటికబెల్లం. నిన్న దుర్గాష్టమి. ఇంట్లో అమ్మవారికి నైవేద్యం పెట్టి తెచ్చిన ప్రసాదం. నిన్న కూడా ఇదే చెప్పాను. నేను మెల్లగా మాట్లాడతాను, వినిపించలేదేమో.

పంచదార వస్తువును గుహ దాకా ఎందుకు తీసుకెళ్లారని డెప్యూటీ గారు అడిగారు. దానికి వేల్స్ సంగతి చెప్పాలి.

2001 నుంచి 2005 వరకు మావారి ఉద్యోగం కార్డిఫ్‌లో. గారెత్ గారు ఆఫీసులో ఆయనకు సీనియర్, సెలవు దొరికితే గుహల్లో ఉండే మనిషి. అక్కడ ఓగోవ్ ఫన్నన్ దీ అని పెద్ద గుహ ఉంది. నల్ల ఊట గుహ అని అర్థం. కొండ కడుపులో మైళ్లకొద్దీ దారులు. పై ద్వారంలో దిగి కింది ద్వారంలో తేలవచ్చు. మొదట్లో నేను వాళ్లకు వంట చేయడానికే వెళ్లాను. వాళ్లు లోపలికి పోతే, పులిహోర కలిపి పెట్టి పొయ్యి దగ్గర జపం చేసుకునేదాన్ని.

ఒకరోజు గారెత్ గారు, "ఉమా, మీ దేవుళ్లందరూ కొండల మీదే ఉంటారా? కొండ లోపల ఒక్కరూ లేరా?" అన్నారు.

"గుహల్లోనూ ఉన్నారండీ."

"అయితే రా, పలకరించి వద్దాం."

ఆయన భార్య గుహలో తొడుక్కునే ఓవరాల్ ఇచ్చారు. అది తొడుక్కుంటుంటే మావారు, "కొంగెక్కడ దోపుకుంటావోయ్?" అని నవ్వారు. ఆ నవ్విన మనిషే లోపల ఒక ఇరుకు సందులో నడుము దగ్గర ఇరుక్కున్నారు.

ముందు నుంచి గారెత్ గారి గొంతు. "విశూ, పులిహోర ఎన్నిసార్లు వడ్డించుకున్నావ్?"

"రెండుసార్లు."

"మూడు," అన్నాను వెనక నుంచి.

అందరూ నవ్వారు. మావారికీ నవ్వొచ్చి ఊపిరి వదిలారు. పొట్ట లోపలికి పోయి బయటపడ్డారు.

ఒకచోట బూట్లు విప్పి మేజోళ్లతో నడవమన్నారు. మట్టి అంటకూడదట. మిగతావాళ్లు చలికి సణిగారు. నాకు చెప్పులు విప్పమని వేరే చెప్పాలా? అక్కడ తెల్లని స్తంభాలున్నాయి. పైనుంచి జారినదీ, కింది నుంచి పెరిగినదీ కలుసుకుని ఒకటైపోయాయి. ఒక్కొక్క నీటిచుక్కా వేల ఏళ్లు పడితే అలా అయిందట. తాకి కళ్లకద్దుకోవాలని నా చేయి దానంతటదే ముందుకు పోయింది. గారెత్ గారు నా మణికట్టు పట్టుకున్నారు.

"నో, ఉమా. చూడు, దణ్ణం పెట్టు, ముట్టుకోకు. మన చేతి జిడ్డు తగిలితే ఇక అక్కడ పెరగదు."

ఆయన ముట్టుకోరు. ఎవరినీ ముట్టుకోనివ్వరు. నిన్న కూడా రాండల్ గారి గుహలో ఎప్పుడో విరిగిపడిన ముక్క ఒకటి దారిలో కనబడితే, మోకాలు నొప్పితో కూడా చుట్టూ తిరిగి నడిచారు గాని దానిని తీయలేదు. అలాంటి మనిషిని దొంగ అంటే నేను ఊరుకోలేను.

ఆ రోజు వేల్స్‌లో నల్లని నీటి కాలువ వెంట నడుస్తూ వాళ్లు చర్చిపాట పాడారు. తర్వాత నన్ను పాడమన్నారు. ఇంట్లోనే గట్టిగా పాడని దాన్ని, మంగళహారతి పాడాను. కొండ దానిని అందుకుని తిరిగి పాడింది. అంత ఆనందం నాకు మళ్లీ దేవుడి ఊరేగింపుల్లో కూడా కలగలేదు. తప్పయితే అమ్మవారు క్షమించాలి.

"ఈ గొంతు ఇన్నాళ్లూ ఎక్కడ దాచావమ్మా?" అన్నారు గారెత్ గారు.

తర్వాత తినడానికి కూర్చుని చూస్తే వాళ్ల చాక్లెట్లు తడిసి ముద్దై ఉన్నాయి. నా దగ్గర పటికబెల్లం ప్రసాదం ఉంటే తలా ఒక ముక్క పెట్టాను. గారెత్ గారు తన ముక్కను దీపానికి అడ్డంగా పట్టుకుని, "కొరికి తినగలిగిన స్ఫటికం ఇదొక్కటే," అన్నారు. అప్పటినుంచి ఏ గుహకు వెళ్లినా మాకు అదే ఆచారం. ముందు వెలుగులో చూడాలి, తర్వాత తినాలి. నిన్న రాండల్ గారు చూసింది అదే.

ఇంతవరకు విన్నాక డెప్యూటీ గారు, తాను రుచి చూడకూడదనీ, ల్యాబ్‌కి పంపితే చాలా రోజులు పడుతుందనీ అన్నారు.

"రుచి చూడనక్కర్లేదు బాబూ. వేడినీళ్లు తెప్పించండి," అన్నాను.

"ఆంటీ, ఎవిడెన్స్ పాడవుతుందంటున్నారు," అంది శ్రీవిద్య.

"పాడైతే అది పటికబెల్లమే కదమ్మా."

శ్రీవిద్య నవ్వు ఆపుకుంటూ ఆ మాట చెప్పింది. డెప్యూటీ గారూ నవ్వారు. అందరి ఎదుట గాజుగ్లాసులో ఒక ముక్క వేసి స్వయంగా కలిపారు. రాండల్ గారు వంగి చూస్తూ నిలబడ్డారు. ముక్క కరిగి కరిగి మాయమైంది. గ్లాసు అడుగున తెల్లని నూలుదారం మిగిలింది.

"దారమెక్కడిది?" అన్నారు రాండల్ గారు.

పటికబెల్లాన్ని దారం చుట్టూ గడ్డకట్టిస్తారని చెప్పాను.

"నేను యాభై ఏళ్లుగా గుహల్లో తిరుగుతున్నాను," అన్నారు గారెత్ గారు. "దారం పెట్టి రాయి పెంచే కొండ మాత్రం నాకు దొరకలేదు."

రాండల్ గారు టోపీ తీసి ఆయనకు క్షమాపణ చెప్పారు. ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. తర్వాత, తన పొలంలో ఉన్నా ఆ గుహలోకి తాను ఒక్కసారీ దిగలేదనీ, లోపల ఎలా ఉంటుందనీ అడిగారు. ఇది రాస్తుండగా గారెత్ గారు ఆయనకు బల్లమీద వేలితో దారి గీసి చూపిస్తున్నారు. ఊరు వదిలి వెళ్లవచ్చని డెప్యూటీ గారు చెబితే, విమానం బుధవారానికి మార్చుకోవడం కుదురుతుందా అని గారెత్ గారే మావారిని అడుగుతున్నారు.

శ్రీవిద్య ఇదంతా నాకు తెలుగులో చదివి వినిపించింది. ఎవరి బలవంతమూ లేదు. నేను కొలిచే అమ్మవారి సాక్షిగా, చెప్పినదంతా జరిగినదే అని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సం.) ఉమామహేశ్వరి