చూరులో దొరికిన మూట

మాళమ్మకు అనుమానం జాస్తి. ఎంత జాస్తి అంటే, పొద్దున లేస్తానే ఉట్టిమీది కుండ మూత రేత్రి పెట్టినట్టే ఉండాదా, రవ్వంత జరిగుండాదా అని చూసుకునేదంట. ఆమెకు కొడుకు బీరప్ప, కోడలు హొన్నూరమ్మ. పెండ్లయి ఏడాది కూడా కాలేదు. ఆ ఏడు వానల్లేవు, మేపు లేదు. బీరప్ప గొర్రెల మందను తోలుకోని దూరం వలస పోయినాడు. పోతాపోతా కెంచోన్ని ఇంటికాడే ఇడిసిపెట్టినాడు. కెంచోడంటే మనిషి కాదబ్బా, కుక్క. ఎర్రగా ఉంటాదని ఆ పేరు. ఎనిమిదేండ్లు మంద కాసింది. తోడేలుతో కొట్లాడి ఎనక కాలు కుంటిదయిపోయె, అంత దూరం యాడ నడుస్తాది?

ఇంగ ఏమైందంటే, నూరు గొర్రెల్ని ఒంటిగా మలేసి కాసిన కుక్కను తెచ్చి గుంజకు కట్టేస్తే అది ఊరికుంటాదా మీరే చెప్పండి. మొదలు తాడు కొరికింది. తర్వాత చెప్పు కొరికింది. గోడ కింద గుంత తవ్వింది. పొద్దంతా ఒకటే ఏడుపు. ఆఖరికి దాని తోక అదే కొరుక్కోని పుండు చేసుకునె. మాళమ్మ చూసి, దీనికి పిచ్చి ఎక్కింది, ఎవురినన్నా కరిస్తే ఎట్ల, మా అన్నను పిలిపించి కొట్టి పారేయిస్తా అనింది. హొన్నూరమ్మ కండ్లనీళ్ళు పెట్టుకోని, "పది దినాలు చూడత్తా, పది దినాలు" అని బతిమాలుకుంది. "సరే, పది దినాలే. దినానికి ఒక ముద్ద నేనే ఏస్తా. అంతకుమించి కుండలో చెయ్యి పెట్టినావంటే చూడు" అనింది అత్త.

నాలుగు దినాలు పోయినాయి అనుకో, కుక్క ఏడుపు తగ్గె. ఇంగొకరైతే సంతోషపడతారు. మాళమ్మకు అనుమానమొచ్చె. ఎందుకు తగ్గింది? ఉన్నట్టుండి ఎట్ల తగ్గింది? ఈ పిల్ల దానికేమన్నా మందు పెట్టిందా? కుక్కకు పెట్టిన చెయ్యి రేపు నాకు పెట్టదా? అంతే, ఆ పొద్దునుంచి కోడలి మీదనే కన్ను. నీళ్ళకు పోతా అని బిందె సంకనేసుకోని పోయి, దడి సందులోనుంచి తొంగి చూసేదంట. చూస్తే ఏముంది, ఆ పిల్ల అటు చూసి ఇటు చూసి, కొంగులోనుంచి ఏదో తీసి రోలు కింద పెట్టింది. ఇంగోటి గంప కింద పెట్టింది. ఇంగోటి ఎగిరి చూరులో దోపింది.

కోడలు పక్కకు పోయినాక మాళమ్మ చూరులోది తీసి చూసింది. ఉసిరికాయంత గుడ్డమూట. ఇప్పితే లోపల సంగటి ముక్క. ఆ గుడ్డ ఎవరిదనుకున్నారు? కొడుకు పంచెది! ఎర్ర అంచు ఆమె ఎరగదా? మళ్ళీ మూటగట్టి రొండిన దోపుకుంది. అప్పటినుంచి కోడలు వండింది తింటే ఒట్టు. "ముందు నువ్వు తినుమే, నేను చూస్తా" అనేది. ఆ పిల్ల, మా అత్తకు నా మీద ఎంత ప్రేమో అనుకోని తినేదంట! ఈమె పచ్చి శెనక్కాయలు నమిలి రెండు దినాలు గడిపింది. మూడోనాడు కడుపునొప్పి పట్టుకునె. అదిగో, మందు ఎక్కనే ఎక్కింది అని అన్న తిప్పన్నకు కబురు చేసింది.

తిప్పన్న పెద్దమనిషి. కుక్క సంగతి కూడా చెప్పినారు కాబట్టి దుడ్డుకర్ర పట్టుకోనే వచ్చినాడు. మాళమ్మ అరుగు మీద కూర్చోని పిడికిట్లో మూట ఊపుతా, "నా కొడుకు పంచె చించి ఇంటి నిండా మూటలు పెట్టినావే, నాకా మే, వానికా? చెప్పు. చెప్పకుంటే ఇప్పుడే మీ అమ్మ ఇంటికి నడువు" అనె. హొన్నూరమ్మ పోయి కుక్క తాడు ఇప్పింది. "అయ్యో, కుక్కను ఉసిగొల్పుతాంది రోయ్!" అని మాళమ్మ అరిసె. తిప్పన్న కర్ర ఎత్తినాడు.

"యాడరా కెంచా? ఎతుకు" అనింది ఆ పిల్ల. కుక్క ముక్కు నేలకు పెట్టింది. నిదానంగా పోయి రోలు కింద మూట లాక్కునె. కాలితో అదిమిపెట్టి, పంటితో ముడి ఇప్పి, ముక్క తినింది. పోయి గంప బోర్లదోసి ఇంగోటి తీసె. చూరు కిందికి పోయి పైకి చూసి, గాలి పీల్చి, తిరిగి నేరుగా మాళమ్మ ముందరికి వచ్చి కూర్చునె. పిడికిలి పక్క చూస్తా తోక ఆడిస్తాంది. అరవలేదు, మీద పడలేదు. తిప్పన్న కర్ర దించి, "చెయ్యి ఇప్పుమే మాళీ" అన్నాడు. ఇప్పింది. దాని మూతి ఎచ్చగా అరచేతికి తగిలె.

"మందు కాదు మామా" అనింది హొన్నూరమ్మ. "దానికి పిచ్చి లేదు, పని లేదు. మా నాయన ముసలికుక్కకు ఇట్లనే దాచిపెట్టి ఎతికిచ్చేవాడు. మా ఇంటాయన పంచె వాసనుంటేనే ఇది లేచి ఎతుకుతాది. అత్తా, నీ కుండ ముట్టలేదు. అది నా ముద్దలోదే." తిప్పన్న ఆ పిల్ల పీక్కపోయిన దవడలు చూసినాడు, చెల్లెలి పక్క చూసినాడు. "మరి నాకు చెప్పొచ్చు కదా మే?" అనె మాళమ్మ. "చెప్తే నమ్ముతావా అత్తా?"

మాళమ్మ తప్పయిందని అనిందా అంటే, అనలేదు. పంచె చించిందానికి తిట్టింది. మర్నాడు మాత్రం తన కుండలోని ముక్కనే మూటగట్టి, ఎవురికీ చెప్పకుండా చేట ఎనక పెట్టింది. కుక్క తీసేసె. నువ్వు సైగ చేసినావు అని కోడల్ని బయటికి పంపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీసేసె. ఇది నా మొగం చూసి కనిపెడతాంది అని కొంగు కప్పుకోని పెట్టింది. అప్పుడూ తీసేసె. ఇంగ పొద్దు లేస్తే అదే పని, దొంగది, ఎట్ల కనిపెడతాందో చూస్తా అని దాని ఎంటనే తిరిగేది. కుక్క తోక పుండు మానె. అత్త గుణం కుదిరిందా అని నన్నడగొద్దండి, కుదరలేదు. కుక్కను అనుమానించేదానికే పొద్దు చాలకపాయె, కోడలి జోలికి పోయే తీరిక యాడుంది? ఆ పిల్ల మాత్రం ముద్ద కడుపునిండా తినిందంట.