పట్టుపోగు

ఊరిగాంలోని రేకుల షెడ్డులో తండ్రి టీ తాగుతున్నాడు. రేసు బండి ఇంజన్‌కు గాలి అందించే అల్యూమినియం గొట్టం చేత్తో చేసి అప్పుడే పక్కన పెట్టాడు. కూతురు దాంట్లోంచి పట్టుపోగు లాగుతోంది.

"నాయనా, పోగు చిక్కుకొనింది. లోపల అతుకు గరుకుగా ఉండాది."

"యాడమ్మా? వేలు పెట్టి చూసినాను కదా, నున్నగా ఉండాది."

"పోగుకు రజను అంటుకొని వచ్చింది, చూడు. ఇది ఇంజన్‌లోకి పోతే?"

"పిస్టన్ పట్టేస్తుంది. మనిషి ఎగిరి పడతాడు. అయినా ముప్పై ఏండ్లుగా ఈ వేలు ఎప్పుడూ తప్పు చెప్పలేదు."

"ఆ గ్లాసు కింద పెట్టు నాయనా."

"ఏల?"

"ఇప్పుడే పొయ్యి మీదనుంచి దించిన టీ అది. నేను చున్నీతో పట్టుకొని తెచ్చినాను. నువ్వు ఉత్త వేళ్లతో పట్టుకోనుండావు."

అతను గ్లాసు దించి, ఎర్రబడ్డ వేళ్లను చూసుకున్నాడు.

"పోయినవారం రేసు బండికని చందన్‌కు ఇచ్చిన గొట్టంలో పోగు లాగితివా?"

"లేదమ్మా. నువ్వు ఊర్లో లేవు. వేలితోనే చూసినాను."

"వాళ్ల రేసు ఎప్పుడు?"

"ఈపొద్దే. పదకొండుకి."

"ఇంగా పావుగంట ఉండాది. ఫోన్ చెయ్యి, తొందరగా!"

"నువ్వే చెయ్యమ్మా. నంబరు నొక్కినానో లేదో నా వేలికి తెలీదు."