కాలు ఆనే చోటు

హలో… ఆ, నేనే. అమ్మ కాదు, లోకనాథ్‌నే.

…

నా ఫోన్ ఎత్తట్లేదని అమ్మ ఫోన్‌కి చేశావా పావనీ? బాగుంది.

…

లేదు, కోపం కాదు. నెల కిందటి గొడవకి ఇప్పుడేం కోపం.

…

గుర్తుంది. ‘నీ కత్తి తీసేస్తే గానీ ఈ ఆట ఎవడూ ఆడడు’ అన్నావ్. నేనూ అన్నాగా, నీ గెంతులు ఆడేవాడు ఫోన్ తీసుకెళ్ళి గోదాట్లో పడేస్తాడని. చెల్లుకి చెల్లు.

…

ఆట పంపాల్సింది ఇవాళేనా?… ఆరింటికా. హరిబాబు గారు ఇంక ఆగనన్నారా. పాపం ఆయన కంపెనీ వాళ్ళు రెండేళ్ళు ఆగారు, మన నింజా ఫోన్ ఆట కోసం. ఎక్కువే.

ఇప్పుడెంతైంది?… రెండు ముప్పావు. టైముంది.

…

పన్నెండో స్టేజీ ఒక్కటేనా? మిగతా పదకొండూ బాగున్నాయన్నారా ఆడి చూసిన జనం?… మరి దీన్ని ఎంతమంది దాటారు?… నలభై మందిలో ముగ్గురు. ఆ ముగ్గురిలో ఒకడు మీ తమ్ముడు మణిదీప్ అయ్యుంటాడు. వాడికి నువ్వు పక్కన కూర్చుని చెప్పుంటావ్.

…

అయితే తీసెయ్.

…

కాపలావాళ్ళని. పడవల మీద నేను పెట్టిన ఐదుగురినీ తీసెయ్. కొట్లాట వద్దు. నింజా ఊరికే పడవ మీంచి పడవ మీదకి గెంతుకుంటా పోతాడు, కాలవ చివర లాకుల గేటు దాటేస్తాడు. ఆట అయిపోతుంది.

…

వెటకారం కాదు పావనీ. మామూలుగానే చెప్తున్నా.

…

లేదు, వేరే ఉద్యోగం రాలేదు.

…

ఆ, రూలు నాదే. ఎవరు పెట్టింది వాళ్ళే వరసగా మూడుసార్లు దాటాలి. గెంతులు నువ్వు, కొట్లాటలు నేను. దాటకపోతే ఆటలోంచి తీసెయ్యాలి. నేనిప్పుడు దాటలేకపోతున్నా. అందుకని తీసెయ్.

…

మూడుగంటలు కాదు, మూడురోజులిచ్చినా దాటలేను.

…

ఎందుకంటే… ఆగు. అమ్మా, పావనీయే. ఆ, నిన్ను అడిగిందని చెప్తాలే.

కుడిచెయ్యి ఐసు మిషన్లో పడింది.

…

హలో?

…

ఉన్నావా?

…

ఇవాల్టికి ఇరవై రెండు రోజులు. మన గొడవయ్యాక, ఆ తర్వాతి వారం. మా ఐసు ఫ్యాక్టరీలోనే. చేపల పెట్టెల్లోకి ఐసు పొడి చేస్తాం చూడు, ఆ మిషను. ఐసు దిమ్మని కర్రతో తొయ్యాలి లోపలికి. కర్ర గోడకి ఆనించే ఉంటుంది. అందరం చేత్తోనే తోస్తాం. గ్లౌజు తడిసి దిమ్మకి అతుక్కుపోయింది, దాంతోపాటు చెయ్యి కూడా వెళ్ళింది. నాతో పనిచేసే అప్పారావు బాబాయి స్విచ్ కట్టేశాడు.

…

రెండు వేళ్ళు లేవు. చిటికెన వేలు, దాని పక్కది. బొటనవేలు ఉంది. మొదలు దగ్గర లోతుగా తెగితే భీమవరంలో కుట్టారు. కదులుతుంది. స్పర్శ లేదు. నరం తెగిందంట. ఏడాదికి రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నాడు డాక్టరు.

…

ఏడవకు పావనీ.

…

నాకు రావట్లేదు. నిజంగానే. ఆసుపత్రిలో అమ్మ ఏడ్చింది, చెల్లి పాపాయి ఏడ్చింది, అప్పారావు బాబాయి గోడవైపు తిరిగి ఏడ్చాడు. నేను ఫ్యాను చూస్తా పడుకున్నా. ఒక రెక్క మీద తుప్పు మరక ఉంది. అది తిరుగుతుంటే చూశా. అంతే.

…

తింటున్నా. చెంచాతో, ఎడంచేత్తో. ముద్దలు కలిపి పెడతానంటుంది అమ్మ. వద్దంటా. అలిగి వంటింట్లోకి పోతుంది.

…

ఎందుకు చెప్పలేదంటే… గొడవపడి ఉన్నాం కదా. చెయ్యి చూపించి గెలిచినట్టుంటుందని.

…

చూశావా! అదే. ఇప్పుడు నువ్వు జాలితో నా కాపలావాళ్ళందరినీ ఉంచేస్తావ్. ముప్పై ఏడు మంది వదిలేసి పోయిన స్టేజీని ఉన్నదున్నట్టు పంపేస్తావ్. వద్దు. రెండేళ్ళ పని అది. నీది కూడా.

…

ఆడట్లేదని నేనన్నానా? దాటలేను అన్నా. ఆడటం రోజూ ఆడుతున్నా. ఇంకేం పనుంది నాకు?

…

ఎడంచేత్తో. నడకా గెంతూ ఎడమ బొటనవేలికే పెట్టాం కదా. కత్తి ఒక్కటే కుడివైపు. సరే, కత్తి లేకుండా ఎంతదూరం పోతానో చూద్దామని మొదలెట్టా.

…

మొదటి పడవ మీదే చచ్చా. మళ్ళీ చచ్చా. ఎన్నిసార్లో తెలీదు. చస్తుంటే ఏమీ అనిపించట్లేదు పావనీ. అంతకుముందు ఒక్కసారి చచ్చినా ఫోన్ మంచం మీదకి విసిరేవాణ్ని.

కానీ ఒకటి కనపడింది. చెప్పనా?

…

దిగడానికి చోటు లేదు. నీ గెంతు ఏ పడవ మీద ఎక్కడ దింపుతుందో, సరిగ్గా అక్కడే నా కాపలావాడు కత్తి పట్టుకుని నిలబడ్డాడు. ఐదు పడవల మీదా అంతే. కత్తి ఉన్నన్నాళ్ళూ నాకు తెలీలేదు. గాల్లో ఉండగానే వాణ్ని నరికేసి దిగేవాణ్ని. నాకు కుదిరేది. అందరికీ కుదురుతుందనుకున్నా. వాళ్ళేమో గెంతాలా నరకాలా తేల్చుకునేలోపు నీళ్ళలో పడుతున్నారు.

…

అక్కడెందుకు పెట్టానో కూడా తెలిసింది. నిన్న గుమ్మంలో నాన్న వల బాగుచేసుకుంటుంటే తట్టింది. ఆయన వల విసిరేది పడవ ముందు కొస మీద నిలబడే. నేను పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నించీ చూస్తున్నది అదే. పడవ మీద మనిషంటే నాకు అక్కడే ఉంటాడు. కాపలావాణ్నీ అక్కడే నిలబెట్టేశా. ఆలోచించనైనా లేదు. నువ్వు రాజమండ్రి పిల్లవి, నీకు పడవంటే రేవు దాటేది, జనం మధ్యలో కూర్చుంటారు.

…

పడవల మధ్య నీ దూరాలు సరిగ్గానే ఉన్నాయి. తగ్గించు తగ్గించు అని రెండునెలలు నీ ప్రాణం తీశా. తప్పు నాది.

…

రాసిస్తాలే కావాలంటే. ఎడంచేతి రాత, నువ్వే చదువుకోవాలి.

…

నవ్వావా? సరే.

…

కాపలావాళ్ళని వెనక్కి జరపడమా?… ఆ, అదే కుదురుతుంది. పడవ వెనక కొసకి జరిపితే సరి. ముందు కాలు ఆనాలి. ఒక్కసారి ఊపిరి పీల్చుకోవాలి. అప్పుడు వాడు మీదకి రావాలి. అప్పుడు గెంతు గెంతులా ఉంటుంది, కొట్లాట కొట్లాటలా ఉంటుంది.

…

నిన్ననే అనుకున్నా.

…

మరి ఫోన్ ఎత్తగానే ఎందుకు చెప్పలేదంటే… జరిపితే కొత్త కొట్లాట అయినట్టే కదా. మళ్ళీ మూడుసార్లు నేనే దాటాలి. వాళ్ళని కొట్టాలి. కొట్టలేను. తీసెయ్యమనడమే తేలిక.

…

వద్దు, నువ్వు దాటితే లెక్కకాదు. నీకు గెంతులొచ్చు గానీ కొట్లాట రాదు. నిన్ను మొదటి స్టేజీలో కుక్క కూడా చంపేస్తుంది.

…

ఎడంవేలికేనా? రెండూ?… అంటే కాలు పడవ మీదుంటే తట్టగానే కత్తి, పైకి లాగితే గెంతు. ఊఁ… మరి గాల్లో కత్తి ఉండదు ఆ వేలికి.

…

ఉండదు కదా. నాలుగు నెలలు చేశా ఆ గాల్లో దెబ్బ. … పోనీలే. నేను గొప్పగా ఆడుకోడానికి చేసుకున్నాను అది. 

…

కుడివైపు పాత కత్తి బటన్ ఉంచుతావా? ఉంచు, రెండు చేతులున్నవాళ్ళకి. నేను వాడను.

…

ఎంతసేపు పడుతుంది?… ఇరవై నిమిషాలా. లైన్లోనే ఉంటాలే. చెయ్యి.

…

నీ కీబోర్డు చప్పుడు వినపడుతోంది.

…

ఎవరూ? ఆయ్, రండి బాబాయ్. … బాగానే ఉందండి. … కూర్చోండి. 

అప్పారావు బాబాయి. రోజూ ఈ టైముకొచ్చి మెట్టు మీద కూర్చుంటాడు. స్విచ్ కట్టడం ఆలస్యం చేశానని ఆయన బాధ. ఆలస్యమేం లేదు. నేనే అప్పుడు మిషన్లోకి చెయ్యి పెట్టి నింజా గురించి ఆలోచిస్తున్నా.

…

నిజం. ఐదో పడవ మీద వాడి కత్తి ఎంత పొడుగుండాలా అని.

…

కొత్త ఫైలు వచ్చింది. ఫోన్లోకి ఎక్కుతోంది. … ఎక్కింది. ఆగు, అమ్మ ఫోన్ స్పీకర్లో పెట్టి మంచం మీద పెడుతున్నా. నా ఫోన్ ఒళ్ళో దిండు మీద. కుడిచెయ్యి అంచుకి ఆనించా, జారిపోకుండా. వినపడుతోందా?

…

సరే. మొదటి పడవ… దిగా.

…

నిలబడ్డా పావనీ. ఇరవై రోజుల్లో ఇక్కడ నిలబడటం ఇదే.

వస్తున్నాడు. తట్టా… పడ్డాడు. రెండో పడవ… చచ్చా.

…

వేలు కొత్త కదా. మళ్ళీ.

…

చచ్చా. వాడు తొందరగా వస్తున్నాడు. కాలు ఆనాక అర సెకను ఇవ్వు.

…

ఊఁ. వచ్చింది. మళ్ళీ. … మొదటిది. రెండోది. మూడో పడవ, దిగా… తట్టా… వీడూ పడ్డాడు. నాలుగు. … ఐదు. … బాబాయ్, చూస్తున్నారా? … ఏం లేదండి, ఆటే.

లాకుల గేటు. దాటా.

…

ఒకటి.

…

సంతోషమా? ఏమో. దాటా, అంతే. టైమెంత?… నాలుగున్నర. ఆడతా, ఉండు.

…

…

చచ్చా. మళ్ళీ ఒకటి నించి. వరసగా అంటే వరసగానే.

…

లేదు, ఒప్పుకోను. నువ్వైతే ఒప్పుకునేదానివా?

…

…

ఒకటి.

…

…

రెండు.

…

ఐదుంబావా. సరే. ఇదొక్కటి.

మొదటిది… అయింది. రెండు… మూడు. నాలుగో వాడు… ఆ, పడ్డాడు. ఐదో పడవకి గెంతా… అయ్యో, తొందరపడ్డా, వాడు ముందుకొచ్చేశాడు, కాలు ఆనే చోట నిలబడ్డాడు, నీళ్ళలోకే నేను…

…

పావనీ.

…

దాటా.

…

మూడు. అది కాదు. విను. ఎడంవేలికి గాల్లో కత్తి తీసేశావ్ కదా?

…

ఖాయంగా తీసేశావా?

…

గాల్లో కొట్టా వాణ్ని. నేను నీళ్ళ మీదున్నా, కత్తి తిరిగింది, వాడు పడ్డాడు, నేను దిగా.

…

ఎవరూ ముట్టుకోలేదు. బాబాయి మెట్టు మీదున్నాడు. అమ్మ వంటింట్లో ఉంది.

నా వేలు ఉంది. ఫోన్ అద్దం మీద. కుడి బొటనవేలు.

…

తెలీలేదు. నేను చెయ్యమన్లేదు దాన్ని. ఇప్పుడు కూడా అద్దం తగులుతున్నట్టు లేదు. చూస్తేనే తెలుస్తోంది, నా వేలే నొక్కిందని.

…

వచ్చేసింది అనకు. స్పర్శ రాలేదు. ఊరికే ఆశ పెట్టకు నాకు. అలవాటు మీద వెళ్ళుంటుంది, అంతే.

…

మరి లెక్కలోకి వస్తుందా ఇది? తెలీకుండా నొక్కితే?… రూల్లో రాసుకోలేదు మనం.

…

నువ్వు వస్తుందంటే వస్తుంది. పంపెయ్. హరిబాబు గారికి పంపెయ్. ఐదుగురూ ఉంటారు.

…

గాల్లో దెబ్బ కూడా ఉండనీ. తియ్యకు.

…

గొంతుకేం కాలేదు.

…

ఏడుపేనేమో. బాబాయి లేచొస్తున్నాడు… కూర్చోండి బాబాయ్, ఏం లేదండి. దాటానండి.

…

సరే, నువ్వు పంపే పని చూడు. ఆయనకి చేరాక ఒక మెసేజ్ పెట్టు. … తినలేదు ఇంకా. అమ్మని కలిపి పెట్టమంటాలే.

…

ఆ, పెట్టించుకుంటా. నిజంగా. ఉంటా మరి.

…

ఆగాగు, నువ్వు కట్ చెయ్యకు. నేను చేస్తా. కుడివేలితో. చూసి నొక్కాలి… ఎర్రది… ఇదిగో, పెట్టా. పడిందో లేదో నాకు తెలీదు మరి, నువ్వే చెప్పాలి.

పావనీ?

పావనీ, వినపడుతున్నానా?

…

…

అమ్మా… కట్టయింది.