బొటనవేలు జవాబు కాదు బాబాయ్

అదిగో, మళ్లీ బొటనవేలు! నేనింత పొడుగు ప్రశ్న అడిగితే, మీరంత పొట్టి వేలు ఎత్తి చూపిస్తారేమిటి బాబాయ్?

నోరు మూయకండి. ఇంకొంచెం తెరవండి. ఆ, అంతే. కింది దవడలో చివరి పన్ను, పుచ్చు బాగా లోపలికి దిగిపోయింది. పైపైన గీకి సిమెంటు పూస్తే మళ్లీ వానలు పడేసరికి చెంప పట్టుకుని వస్తారు. లోతుకి వెళ్లాలి. ఈ రోజుల్లో లోతుకి వెళ్లే ఓపిక ఎవరికుంది చెప్పండి? మీకుందా? ఉండేది లెండి. ఒకప్పుడు ఉండేది.

మీరు లోపలికి రాగానే గుర్తుపట్టాను. 'కిర్రు' సైటులో స్టూలు బాబాయ్ అంటే మీరే కదూ? మీ వీడియోల్లో ఆ మొహం చూసి ఉండకపోతే తెలిసేది కాదు.

మరి నేనెవరో తెలుసా? నూనెడబ్బా!

అవును, ఆ నూనెడబ్బానే! 'మైనం రుద్దేవాళ్లకి బుర్రలోనూ మైనమే' అని రాసింది నేనే. అబ్బే, కళ్లు అంత పెద్దవి చేయనక్కర్లేదు, నోరు పెద్దది చేస్తే చాలు. డ్రిల్లు నా చేతిలో ఉందని కంగారు పడకండి. సిద్ధాంతాలు వేరు, పళ్లు వేరు.

ఎంత బాగుండేది బాబాయ్ ఆ సైటు! లోకంలో కిర్రుమనే తలుపులు, కుర్చీలు, మంచాలు, వాటి గురించి తప్ప ఇంకో మాట లేదు. తలుపు కిర్రుమంటే నూనె వేయాలా, కొవ్వొత్తి మైనం రుద్దాలా అని మీకూ నాకూ ఎంత యుద్ధం! 'అలా కాదండీ, నూనె దుమ్ముని పిలుస్తుంది' అని మీరు మూడు పేజీలు రాసేవారు. నేను ఊరుకునేదాన్నా? మా అత్తగారి బీరువాకి ఒక తలుపుకి నూనె, రెండో తలుపుకి మైనం పెట్టి, ఆవిడ చేత తిట్లు తిని మరీ జవాబు రాసేదాన్ని.

ఆ రిటైరైన ఇంజను డ్రైవరుగారు గుర్తున్నారా? మీదీ నాదీ అంతా చదివి, 'ఇన్నాళ్లూ నేననుకున్నది పొరపాటు' అని అందరి ముందూ రాశారే! నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఎక్కడైనా విన్నారా, మనిషి తనంతట తను పొరపాటని ఒప్పుకోవడం?

ఇప్పుడో? వీడియోలో మీరు తలుపు ఊపుతారు. అది కిర్రంటుంది. మీరు కన్ను కొడతారు. అయిపోయింది! ఎందుకు కిర్రుమందో చెప్పరేం? కింద జనం బొటనవేళ్లు కుప్పలుగా పోసి పోతారు. ఎవరికి నచ్చింది? తలుపా, కిర్రా, కన్నా?

మీకో కథ చెప్తాను. ఎలాగూ లేచి పారిపోలేరు.

ఒక దర్జీ కొట్టు ముందు బల్ల ఉండేది. దాని మీద కూర్చుని జనం, చొక్కాకి జేబు ఎడమవైపే ఎందుకుండాలని పొద్దుగూకేదాకా వాదించుకునేవాళ్లు. దర్జీ కుట్టు ఆపకుండా వింటుండేవాడు. ఒక తెలివిగలవాడొచ్చి అక్కడో గంట కట్టాడు. 'మాట నచ్చితే గంట కొట్టి వెళ్లండి, అంతసేపు కూర్చోవడమెందుకు?' అన్నాడు. అందరికీ హాయిగా అనిపించింది. నడిచే కాళ్లు ఆపకుండానే కొట్టి పోయేవాళ్లు. వీధంతా గణగణ! ఒకనాడు దర్జీ తల బయటికి పెట్టి, 'ఇంతకీ ఏ మాట నచ్చిందయ్యా?' అనడిగాడు. బల్ల మీద ఒక్క పురుగు లేదు. మాట్లాడేవాళ్లంతా ఎప్పుడో లేచిపోయారు. గంట మాత్రం మోగుతూనే ఉంది.

నీతి ఏమిటో చెప్పండి చూద్దాం. ఓ, నోట్లో దూది ఉంది కదూ.

సరే, అసలు సంగతికి వస్తాను. సైటు నడిపేది మా పెద్దమ్మ. ఈ ఆదివారం మూసేస్తానంటోంది. కాళ్లావేళ్లా పడితే ఒక్క షరతు పెట్టింది: ఈలోగా ఒక్కరంటే ఒక్కరు, బొటనవేలు కాకుండా, మాటలతో జవాబు రాయాలట. తలుపుని చట్రానికి పట్టి ఉంచే ఆ ఇనుప బందు మీద నేను 'మడతబందు మనసు' అని పెద్ద వ్యాసం రాసి పెట్టాను. దానికి ఎదురు చెప్పగలిగినవాళ్లు ఈ భూమ్మీద మీరొక్కరే. చదివారా?

చూశారా, మళ్లీ వేలే! చదివారని అర్థమా, నచ్చిందనా? రెండో చెయ్యి కూడా ఎందుకెత్తారు? అంత నచ్చిందా?

అయ్యో... నొప్పా! నొప్పి పుడితే చెయ్యెత్తమన్నది నేనే కదూ? ఖర్మ! మరి మొదట్నుంచీ ఎత్తిన ఆ వేళ్లన్నీ నొప్పేనా? రామ రామ! ఉండండి, ఇంకో మత్తు సూది వేస్తాను. మనిషి నోట్లో దూది కుక్కింది నేను, మాట్లాడడేమని సాధిస్తున్నదీ నేనే!

అయిపోయింది. పుక్కిలించండి. ఇప్పుడు చెప్పండి, మాటలతో.

ఏమిటీ? నాలుక మొద్దుబారిందా? మెల్లగా... వ్యాసం మొత్తం చదివారా! మూడో పేరాలో తప్పుందా? చెప్పండి చెప్పండి... నూనే కాదు, మైనమూ కాదు? తలుపు బరువుకి పై బందు వాలిపోతుంది, అది సరిచేయకుండా ఏం పూసినా దండగే అంటారా? అంటే ఇన్నాళ్లూ మనిద్దరిదీ తప్పేనా? అబ్బ, ఎంత బాగుంది బాబాయ్! తప్పని తెలిసి ఇంత సంతోషం ఎప్పుడూ కలగలేదు!

ఇదే రాయండి. ఈ రాత్రికే.

రాయరా? ఎందుకని? ... అక్కడ చదివేవాళ్లెవరున్నారంటారా? నేను లేనూ?

అవునులెండి. నేనొక్కదాన్నే.

వీడియోలో చెప్తారా? మొత్తం ఇదంతా? ... అర నిమిషంలోనా! బందు పేరు పలికేసరికే అయిపోతుంది కదండీ అది. ఎదురు వాదించే మనిషి ఉంటే ఇంకాస్త సాగుతుందా? ఎవరు, నేనా? ఇక్కడే, ఈ కోటుతోనా?

కానివ్వండి. సైటుకి తాళం వేసుకోమని పెద్దమ్మకి నేనే చెప్పుకుంటాను. ఏం చేస్తాం, మాట ఎక్కడ బతికితే అక్కడికే పోవాలి.

ఫోను కొంచెం ఇటు జరపండి. కుడివైపు నుంచి వద్దు బాబాయ్. అక్కడ నాకే ఒక పుచ్చు పన్నుంది. చూపించుకోవాలంటే భయం.