గోడ మీద కాలిన పీట

బెల్జియం దొరల కాలం, కాంగోలో లుబా తెగవాళ్ల పల్లె ఒకటి. మిషను ఫాదరు తీసిన సినిమా చర్చి గోడ మీద ఆడిన మర్నాడు, కసావా దుంపలు దంచుతున్న అక్క దగ్గరికి తమ్ముడొచ్చాడు.

“రండి, సినిమాలో ఉపదేశి వేషం కట్టిన దొరగారూ! నిన్న గోడ మీద బాగా వెలిగిపోయారు.”

“ఎగతాళి చెయ్యకక్కా.”

“పాత మొక్కుల సామానంటూ నువ్వు మంటలో వేసింది ముత్తాత పీటేగా? ఆయన ఆత్మ అందులో ఉందని అమ్మ తెల్లగుడ్డ చుట్టి, ఎవర్నీ కూర్చోనివ్వకుండా దాచిందే, అదేగా?”

“ఫాదరు ఏదో ఒక చెక్కముక్క చాలన్నారు.”

“మరి?”

“అందరూ చూస్తారు కదా, నేను గొప్పగా కనిపించాలనుకున్నా.”

“అమ్మకేం చెప్పావ్?”

“చెదలు తినేశాయని.”

“నిన్న సినిమా చూసి తిట్టిందా?”

“తిట్టినా బాగుండేది. పిల్లల్ని నవ్వించడానికి ఫాదరు రీలు వెనక్కి తిప్పారు చూడు, పీట మంటలోంచి లేచి నా చేతుల్లోకొచ్చింది. జనమంతా ఒకటే నవ్వు. అమ్మ లేచి వెళ్లిపోయింది.”

“ఇప్పుడేం చేస్తోంది?”

“ఆ తెల్లగుడ్డ ఉతికి ఆరేసింది. ‘పీట నీ చేతికొచ్చిందిగా నాయనా, ఇంటికెప్పుడు తెస్తావ్?’ అంది.”

“పాపం, నిజమనుకుందేమోరా.”

“లేదక్కా. అంతా తెలిసే, నా కళ్లలోకి చూస్తూ అడిగింది.”