పసుపు చామంతుల పూలజడ

ప్రొద్దుటూరు పూలంగళ్ల పక్కన చెన్నయ్య టీకొట్టులో చిన్నసుబ్బయ్య నోరు తెరిచినాడంటే గ్లాసులో టీ చల్లారాల్సిందే గానీ ఆయన మాట చల్లారదు. ఆ పొద్దు మాత్రం ఆయన ఊరికే నోరు తెరవలేదు. మూసుకుంటే ఒక జవాబు చెప్పాల్సి వస్తాది, అందుకని తెరిచినాడు.

జవాబు అడిగిన మనిషి రామాంజులు. కల్యాణ మంటపంలో పెండ్లి ఎగ్జిబిషన్ పెడతాండారు. నగలోళ్లు, పట్టుచీరలోళ్లు, ఫోటోలోళ్లు, వంటోళ్లు, పెండ్లికి కావాల్సినోళ్లంతా ఒక్క కప్పు కింద. అందులో స్టాళ్లు బాడుగకిచ్చే పని రామాంజులుది. "సుబ్బన్నా, పూలజడల్లో నిన్ను మించినోడు ఈ తట్టు లేడు. కడాకు ఒకే ఒక్క స్టాలు మిగిలుండాది. గుడ్డల బజారు దాకా పొయ్యొస్తా, వచ్చేలోపల అవునో కాదో తేల్చుకో. నువ్వు కాదంటే కడప సవరాలోళ్లు కాచుకోనుండారు," అని చెప్పి స్కూటరెక్కి పోయినాడు.

బాడుగ భయం కాదు సుబ్బయ్యది. పని భయం అంతకన్నా కాదు. గొర్రెలోళ్ల ఇంట్లో పుట్టి, ఉన్ని వడికిన వేళ్లతోనే పూలల్లడం నేర్చుకున్న మనిషి. పొద్దున్నే నగలంగడి శేషయ్య శెట్టి మాటల్లో మాటగా అన్నాడు, పులివెందుల గౌరమ్మ కూతురికి పెండ్లి కుదిరిందంట, తల్లీకూతుళ్లు ఎగ్జిబిషన్ చూసేదానికి వస్తాండారంట అని. ఆ మాట చెవిన పడినప్పటినుంచి సుబ్బయ్య చేతులు మల్లెమొగ్గల్ని తలకిందులుగా కడతాండాయి.

ఆ గౌరమ్మే, అప్పటి గౌరి, కాలేజీలో చదివే కాలంలో జమ్మలమడుగు బస్సు దిగి, ఆయన బుట్టకాడ నిలబడి రోజూ ఒక మూర కనకాంబరాలు కొనేది. "నడాన ఒక్క పసుపు చామంతి కట్టు సుబ్బయ్యా," అనేది. అంతకుమించి ఆ పిల్ల ఆయనతో మాట్లాడింది లేదు, ఆయన మాట్లాడే ధైర్యం చేసిందీ లేదు. ఆమె పెండ్లయి పులివెందులకు పోయినాక మళ్లా చూడలేదు. తనకు వచ్చిన సంబంధాలన్నిటికీ ఏదో ఒక వంక పెట్టి ఒంటిగానే ఉండిపోయినాడు. ఇన్నేండ్లకు ఆమె వచ్చి, స్టాలు ముందర నిలబడి, ఎవరో పూలాయన అనుకొని ధర అడిగి పోతే? ఆ ఒక్కటీ తట్టుకోలేననిపించింది ఆయనకు. మళ్లా, ఒక్కసారి దూరంనుంచైనా చూస్తే చాలు అని లోపల ఒకటే పీకులాట.

"ఏం మామా, స్టాలు తీసుకుంటాండావా, లేదా?" అన్నాడు యల్లయ్య. ఎర్రగుంట్ల నుంచి సిమెంటు లారీ తోలే పిల్లోడు, లోడు దించేదాకా ఈడే కూచోనుంటాడు.

"స్టాలంట, స్టాలు!" సుబ్బయ్య తువ్వాలు దులిపి భుజాన వేసుకున్నాడు. "నాకు స్టాలెందుకురా? నేనల్లిన జడ ఒకప్పుడు రెండు పార్టీలను ఒక్క చాపమీద కూచోబెట్టింది. తెలుసా నీకు?"

"తెల్దు. చెప్పు."

చెన్నయ్య పొయ్యి మంట తగ్గించినాడు. పక్కన గాజుల బండి సర్దుకుంటాండిన మెహరున్నీసా తలెత్తి ఒకసారి చూసి, మళ్లా గాజులు తుడుచుకుంటా కూచుంది.

"అప్పట్లో జమ్మలమడుగు తట్టు ఎట్లుండ్యో మీకేం తెలుసు? పెండ్లి పత్రిక పంచాలన్నా పార్టీ చూసి పంచేది. ఒక పార్టీ ఇంట్లో మేళం వాయించినోడు ఇంకో పార్టీ గడప తొక్కేది లేదు. మంగలి వేరే, వంటాయన వేరే, ఆఖరుకి విస్తరాకులు కుట్టే ముసలామె కూడా వేరే. ఒక్క మొగోడు మాత్రం రెండు పార్టీలకూ కావాల. ఎవుడు?"

"నువ్వే మామా."

"నేనే! గౌరమ్మ నాయన ఒక పార్టీకి పెద్ద. ఆయప్ప పేరు చెప్పను, చెప్తే చెన్నయ్య చేతిలో గ్లాసు జారిపోతాది. ఆయప్ప జీపు పంపించి, సుబ్బయ్యా నా బిడ్డ పెండ్లికి జడ నువ్వే అల్లాల, ఇంకోడు అల్లితే ముహూర్తమే వద్దు అనె. నేనొక్కన్నే కూచుంటి. మల్లెమొగ్గలు, కనకాంబరాలు, మరువం, నడాన వరసగా పసుపు చామంతులు. పొద్దు గుంకేలోపల జడ సిద్ధం. బుట్టలో పెట్టి, తడిగుడ్డ కప్పి, బస్సెక్కినా. ఇందులో ఒక్క అక్షరం అబద్ధముంటే ఈ టీలో ఈగ పడనీ."

"టీ ఎప్పుడో తాగేస్తివి కదప్పా," అన్నాడు చెన్నయ్య.

"జీపొచ్చిందంటివి, మళ్లా బస్సెందుకు ఎక్కితివి?" అన్నాడు యల్లయ్య.

"జీపెక్కితే బాంబేస్తారని రా ఎర్రోడా! బస్సులో పోతాంటే పెన్నేటి వంతెనకాడ డ్రైవరు బ్రేకేసె. ఈ తట్టు ఒక పార్టీ, ఆ తట్టు ఇంకో పార్టీ, నడాన మేము. జనం సీట్ల కింద దూరిరి. నేను? నేను దిగితి. బుట్టమీది గుడ్డ తీస్తి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గాలి ఒక్క ఊపు ఊపె. ఆ వాసనకు బాంబులు పట్టుకున్న చేతులన్నీ అట్లే నిలబడిపాయ! ఒకడు మీసాలోడు నాకాడికొచ్చి, అన్నా, ఇంట్లో ఆడమనిషి అలిగి వారమాయ, ఒక మూర ఇస్తావా అనె. వాన్ని చూసి ఇంకోడు, వాన్ని చూసి అవతలి పార్టీవోడు. ఇంగ బారులు తీరిరప్పా! బాంబు కింద పెట్టు, మూర పట్టుకుపో, అంటి."

"అందరికీ ఇస్తే జడ అయిపోదా?"

"ఆడే ఉండాది రహస్యం! తుంచేకొద్దీ జడ పెరుగుతాండాది. దారిపొడుగునా మొగ్గలు విచ్చుకుంటా, విచ్చుకుంటా, నేను జమ్మలమడుగులో దిగేసరికి దాని కొన ఇంకా బస్సులోంచి వస్తానే ఉండ్య. ఒక తట్టు పెండ్లింట్లో పెడితే రెండో తట్టు ఎర్రగుంట్ల స్టేషన్లో తేలె. రైలు నిలబడిపాయ! గార్డు దిగి, ఇది ఏ రంగు సిగ్నలయ్యా అని స్టేషన్ మాస్టరునడిగితే, ఆయన చామంతిని చూసి, పో పో పెండ్లికి పొయ్యే సిగ్నలిది అని రైలును ఇటు తిప్పినాడు. నీ సిమెంటు ఫ్యాక్టరీ ఉండ్లా? ఆ పొద్దు కట్టిన మూటల్లో మల్లె వాసన దూరిపాయ. ఆ సిమెంటుతో కట్టిన ఇండ్లు ఇప్పటికీ వానపడితే గుప్పుమంటాయి. కలమల్ల కరెంటోళ్ల క్వార్టర్స్‌లో ఎవుర్నన్నా అడుగు!"

యల్లయ్య పొట్ట పట్టుకొని నవ్వినాడు. "మామా, ఒక మాట. పసుపు ఆ పెద్దాయప్పకు పగోళ్ల రంగు గదా? ఆ ఇంటి జడలో పసుపు చామంతులు పెట్టినావా? చంపరా నిన్ను?"

సుబ్బయ్య ఒక్క క్షణం తడబడినాడు. నిజం చెప్పాలంటే, అల్లేటప్పుడు ఆయనకు రంగు తప్ప పార్టీ గుర్తులేదు. నడాన ఒక్క పసుపు చామంతి కట్టు సుబ్బయ్యా అనే గొంతొకటే చెవుల్లో ఉండె. బస్సులో ఆ ఊరి గోడలమీద పార్టీ రాతలు చూసినాకనే ఎంత తప్పు చేసినాడో తెలిసొచ్చింది. జడ విప్పి మళ్లా అల్లే పొద్దు లేదు. బుట్ట గడపకాడ పెట్టి, ఎవరన్నా గుడ్డ తీసేలోపలే వచ్చిన దోవన వెనక్కొచ్చేసినాడు. జడ ఏమైందో, ఎవరు తిట్టినారో, ఎవరు తొక్కినారో, ఈపొద్దుకీ ఎవర్నీ అడగలేదు.

"కావాలనే పెట్టినా!" అన్నాడు గొంతు పెంచి. "రంగు పూలది గానీ పార్టీలది కాదు అని పెద్దాయప్ప మొహంమీదనే చెప్పినా. అంతలోనే పందిట్లోకి బాంబు విసిరినారు. నేను జడ తిప్పి కొడితే బాంబు జడలో చిక్కుకునె. ఆ తర్వాత ఏమైందో తెలుసా? బాంబు పేలలా. విచ్చుకునె! లోపలున్న మందంతా రేకులై పందిరంతా రాలె. రెండు పార్టీల పెద్దలూ ఒకరి భుజాన ఒకరు పడి ఏడిస్తే, వాళ్ల కన్నీళ్లకు పెన్నేరు పొంగె. ఆ ఏడు ఎలక్షన్లలో పెట్టెలు తెరిస్తే ఒక్క ఓటు లేదు, అన్నీ చామంతులే. కలెక్టరు లెక్కపెట్టలేక ఇద్దరూ గెలిచినారు పొమ్మనె!"

"అబ్బబ్బా!" చెన్నయ్య తల పట్టుకున్నాడు.

"ఇంగ అప్పుడు నేను జడ ఎత్తుకొని లోపలికి పోతి. నా ఈ చేతుల్తోనే పెండ్లికూతురు తలకు కడితి. అప్పుడు గౌరి..." సుబ్బయ్య ఆగినాడు. "వెనక్కి తిరిగి నన్ను చూసింది. చూసి..."

"చూసి? ఏమనింది మామా?"

ఎప్పుడు చెప్పినా ఆయన కథ ఈడికొచ్చి నిలబడిపోతాది. ఒక్కోసారి దగ్గు వస్తాది, ఒక్కోసారి బేరం వస్తాది. రైళ్లను తిప్పిన నోటికి ఆ పిల్ల చేత ఒక్క మాట అనిపించడం మాత్రం చేతకాలేదు. దూరంగా గుడ్డల బజారు తట్టునుంచి స్కూటరు చప్పుడు వినపడింది. సుబ్బయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"సుబ్బన్నా," అనింది మెహరున్నీసా.

అందరూ అటు తిరిగినారు. ఆమె చేతిలో గాజుల వరస అట్లే ఉండాది.

"పెండ్లికూతురు గదిలోకి మొగోన్ని ఎవరు రానిస్తారన్నా? పూలజడ కట్టేది ఆడోళ్లు. కన్నతండ్రి కూడా వాకిలికాడ నిలబడాల్సిందే. నువ్వు గడపకాడ బుట్ట పెట్టి పారిపోతివి. ఆ జడ కట్టింది మా అమ్మ."

యల్లయ్య గట్టిగా నవ్వినాడు. చెన్నయ్య గరిటెతో గిన్నెమీద టంగుమని కొట్టినాడు. సుబ్బయ్య మొహం మాడిపోయింది. "నీకెట్ల తెలుసు?" అన్నాడు చిన్నగా.

"అమ్మతోపాటి నేనూ పోయుంటి గదా గాజులెత్తుకొని. గుడ్డ తీస్తానే వాళ్ల పెద్దమ్మ గుండె బాదుకునె. ఈ పసుపేందే, మీ నాయన చూస్తే కత్తి తీస్తాడు, పీకెయ్యండే అని అరిచె. అందరూ పీకేదానికి చేతులు పెట్టిరి."

సుబ్బయ్య నేలకేసి చూస్తాండాడు.

"గౌరమ్మ ఒక్క పువ్వు పీకనియ్యలా. జడను ఒళ్లో పెట్టుకొని రెండు చేతులూ అడ్డం పెట్టె. ఎవుడల్లినాడే ఈ జడ అని పెద్దమ్మ అరుస్తాంటే, తల వంచుకొని, 'నాకు తెలుసు' అనె. అంతే. ఇంగ ఎవురేం అడిగినా నోరు తెరవలా. పీటలమీద కూడా ఆ చామంతులతోనే కూచునె. ఆయమ్మ నాయన చూసి కూడా గమ్మునుండిపాయ."

పొయ్యిమీద పాలు పొంగొస్తే చెన్నయ్య గబగబా దించినాడు. సుబ్బయ్య రెండు చేతులూ మోకాళ్లమీద పెట్టుకొని, ఆ వేళ్లను ఎవరివో అన్నట్టు చూసుకున్నాడు. కండ్లు నిండినాయి, దాచుకోలేదు.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు.

"నువ్వు ఎప్పుడు ఊరుకుంటివి, నేను చెప్పేదానికి?"

స్కూటరు వచ్చి ఆగింది. రామాంజులు ఇంజను ఆపకుండానే, "ఏం సుబ్బన్నా, తేల్చుకుంటివా? అవతల వాళ్లు తొందరపెడతాండారు," అన్నాడు.

యల్లయ్య, చెన్నయ్య, మెహరున్నీసా, ముగ్గురూ ఆయన మొహం కేసే చూస్తాండారు. సుబ్బయ్య లేచి నిలబడినాడు.

"తీసుకుంటా."

సుబ్బయ్య ఇంకా ఏదో చెప్తాడని రామాంజులు కొంచేపు చూసినాడు.

"ఏంది మామా, అంతేనా?" అన్నాడు యల్లయ్య.

"అంతే రా," అని సుబ్బయ్య బుట్ట చంకనెత్తుకొని బస్టాండు తట్టు నడిచినాడు. ఖాజీపేట తోటల్లో పసుపు చామంతి దొరుకుతాదేమో అడగాల.